డాబా మీద ప్యానెళ్లు, ఫోన్‌లో లెక్కలు: మీ ప్రశ్నలకు జవాబులు

మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్న సంగతి పోయిన సంచికలో రాశాను. ప్యానెళ్ల గురించి ఉత్తరాలు వస్తాయనుకుంటే, వచ్చిన వాటిలో ముప్పాతిక వంతు డబ్బు గురించి, ఫోన్ గురించే. ఆశ్చర్యమేమీ లేదు లెండి. పైకి ప్యానెల్ ఎక్కించడానికి మాకు ఒక్క రోజు పట్టింది, దాని వెనకున్న అప్పు, సబ్సిడీ, పోర్టల్, మీటరు ఇవన్నీ కుదుటపడటానికి మూడు నెలలు పట్టింది. వచ్చిన వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నెలకు సుమారు 350 యూనిట్లు వాడతాం. ఎండాకాలం ఇంకా ఎక్కువ. సోలార్ పెడితే బిల్లు సున్నా అంటున్నాడు వెండర్. ఈ వయసులో అప్పెందుకు నాన్నా అంటున్నాడు అబ్బాయి. డిపాజిట్ తీసి కట్టేయనా, లోను తీసుకోనా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

మాస్టారూ, ముందు మీ బిల్లు చూద్దాం. తెలంగాణలో ఇళ్ల కనెక్షన్‌కు వాడకం 200 యూనిట్లు దాటిందంటే స్లాబు మారిపోతుంది: మొదటి 200కు యూనిట్ 5.10 రూపాయలు, ఆ తర్వాతి వందకు 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు. మీ 350కి కరెంటు చార్జీయే 2,240 అవుతుంది, మిగతా వడ్డింపులు దానికి అదనం. 3 కిలోవాట్ల ప్యానెళ్లు మన ఎండకు ఏడాది సగటున రోజుకు 12 యూనిట్లు ఇస్తాయి, అంటే నెలకు 360. కాబట్టి వెండర్ చెప్పింది మరీ అబద్ధం కాదు. కాకపోతే ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు ఎక్కడికీ పోవు, జులై ఆగస్టుల్లో మబ్బు పట్టిన వారాలూ ఉంటాయి. సున్నా అనే మాట పక్కన పెట్టి, రెండు మూడు వందలు వస్తుందని అనుకోండి, తర్వాత బాధ ఉండదు.

ఇక డబ్బు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 సబ్సిడీ వస్తుంది. 3 దాటి ఎన్ని పెట్టినా అంతే. మీ సిస్టమ్ 2 లక్షలకు కుదిరిందనుకుందాం. పది శాతం, అంటే 20,000 మీరు చేతి నుంచి పెడతారు, 1,80,000 బ్యాంకు ఇస్తుంది. ఈ పథకం కింద ఇచ్చే అప్పుకు తాకట్టు అడగరు, వడ్డీ రెపో రేటుకు (రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే రేటుకు) అర శాతం మీద ఉండేలా పెట్టారు, అందుకే మామూలు పర్సనల్ లోనుకూ దీనికీ పోలిక లేదు. 6 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే 1,80,000కు నెలకు దాదాపు 2,000 కట్టాలి. మీ బిల్లులో మిగిలేది ఇంచుమించు అంతే కాబట్టి చేతికి మిగిలేదేమీ ఉండదు.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. సబ్సిడీ 78,000 లోనులో తగ్గించి ఇవ్వరు, అంతా అయ్యాక మీ ఖాతాలో పడుతుంది. అది పడిన రోజే లోనులో జమ చేసేస్తే మిగిలే అప్పు 1,02,000, దానికి కిస్తీ 1,130 చిల్లర. అప్పుడు నెలకు వెయ్యి రూపాయలు నిజంగా మిగులుతాయి. ఆ 78,000 వచ్చిన వారంలో ఇంట్లో ఒక ఫ్రిజ్జో, మనవరాలి బంగారమో గుర్తొచ్చిందంటే మాత్రం సోలార్ లాభం అక్కడితో సరి. మా ఇంట్లో గుర్తొచ్చింది సోఫా. మా ఆవిడతో వారం రోజులు మాటల్లేవు, కానీ డబ్బు లోనులోకే వెళ్లింది. జమ చేసేటప్పుడు కిస్తీ తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని బ్యాంకు అడగకుండానే ఏదో ఒకటి చేసేస్తుంది, అందుకని మీరే ముందుగా కాగితం మీద రాసివ్వండి.

డిపాజిట్ తీయాలా అంటే, సీనియర్ సిటిజన్ డిపాజిట్ మీద మీకొచ్చే వడ్డీకీ ఈ లోను వడ్డీకీ పెద్ద తేడా ఉండదు. అలాంటప్పుడు డిపాజిట్ కదపకపోవడమే నయం, ఆసుపత్రి అవసరాలు చెప్పి రావు. మీ అబ్బాయికి ఈ లెక్క చూపించండి.

ప్రశ్న: మాది తెల్ల రేషన్ కార్డు, నెలకు 180 యూనిట్లు లోపే, గృహజ్యోతిలో బిల్లు సున్నా వస్తోంది. సోలార్ పెట్టించుకోమని ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు. – గృహిణి, వరంగల్

వద్దమ్మా. గృహజ్యోతిలో 200 యూనిట్ల వరకు మీకు ఉచితంగానే వస్తోంది, కాబట్టి సోలార్ పెట్టినా మీకు మిగిలేదేమీ లేదు, కిస్తీ మాత్రం మీద పడుతుంది. ఒక ప్రభుత్వమేమో కరెంటు ఉచితమంటుంది, ఇంకో ప్రభుత్వం మీరే తయారు చేసుకోండి సబ్సిడీ ఇస్తాం అంటుంది. రెండూ మంచి ఉద్దేశాలే, కానీ ఒకే ఇంటి దగ్గరికొచ్చేసరికి ఒకదానికొకటి అడ్డం. సోలార్ వల్ల లాభపడేది ఎక్కువ స్లాబులో ఉన్నవాళ్లు, అంటే ఏసీ ఉన్న ఇల్లు, సొంత డాబా ఉన్న ఇల్లు. ఈ సంగతి పథకాల ప్రకటనల్లో రాయరు. ఏజెంటు నంబరు బ్లాక్ చేయండి.

ప్రశ్న: ఫోన్‌లో సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) యాప్ రోజుకు 14 యూనిట్లు చూపిస్తోంది. బిల్లులో మాత్రం ఎక్స్‌పోర్ట్ అందులో సగం కూడా లేదు. మమ్మల్ని మోసం చేస్తున్నారా? మొదటి నెల అయితే బిల్లు పెరిగింది కూడా! – చిరు వ్యాపారి, విజయవాడ

మోసం కాదు, మీరు చూస్తున్నవి రెండు వేర్వేరు లెక్కలు. గేదె పొద్దున పది లీటర్లు ఇచ్చిందనుకోండి, ఇంట్లో పిల్లలకు, పెరుగుకు నాలుగు లీటర్లు ఉంచుకుని పాల కేంద్రానికి ఆరు పోశారు. కేంద్రం వాడి పుస్తకంలో ఆరే ఉంటాయి, పదీ ఎక్కడికి పోయాయని వాడిని అడిగితే ఏం చెబుతాడు? యాప్ చూపించేది గేదె ఇచ్చింది. మీటరు చూపించేది గేటు దాటింది. ప్యానెల్ తయారు చేసే కరెంటు ముందు మీ ఇంటి ఫ్యాను, ఫ్రిజ్, మోటారు వాడుకుంటాయి, మిగిలిందే బయటికి వెళ్లి ఎక్స్‌పోర్ట్‌గా నమోదవుతుంది. వాడుకున్నవీ మీకు లాభమే, ఆ యూనిట్లు మీరు కొనలేదు కదా.

బిల్లు చూసేటప్పుడు రెండు అంకెలు పట్టుకోండి: ఇంపోర్ట్ (లైన్ నుంచి మీరు తీసుకున్నది), ఎక్స్‌పోర్ట్ (మీరు లైన్‌కు ఇచ్చింది). ఒకదాంట్లోంచి ఒకటి తీసేసే ఈ లెక్కనే నెట్ మీటరింగ్ అంటారు. ఇంపోర్ట్ 320, ఎక్స్‌పోర్ట్ 290 అయితే మీకు కరెంటు చార్జీ వేయాల్సింది 30 యూనిట్లకే. ఎక్స్‌పోర్ట్ ఎక్కువైన నెల మిగులు తర్వాతి నెలలకు జమ అవుతుంది.

మొదటి నెల బిల్లు పెరగడం గురించి నా అనుభవమే చెబుతాను, ఎందుకంటే మాకూ అచ్చం అదే జరిగింది. ప్యానెళ్లు బిగించిన కుర్రాడు ఉత్సాహంగా ఆ రోజే స్విచ్ వేసి ‘సార్ ఇక మీరు ఫ్రీ’ అని వెళ్లిపోయాడు. అప్పటికి మా గోడ మీద ఉన్నది పాత మీటరు. పాత డిజిటల్ మీటర్లలో చాలావాటికి కరెంటు ఏ దిక్కున పోతోందో పట్టదు, లోపలికి వచ్చినా బయటికి వెళ్లినా అంకె పెరుగుతూనే ఉంటుంది. అంటే నేను గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటుకు కూడా నేనే బిల్లు కట్టాను! రెండు దిక్కులా లెక్కపెట్టే కొత్త మీటరు కోసం మా సెక్షన్ ఆఫీసు చుట్టూ ఆరు వారాలు తిరిగాను. ప్రతిసారీ ‘స్టాక్ రాలేదు సార్’. నెల రోజుల పాటు ఫోన్‌లో ఆకుపచ్చ గ్రాఫులు చూసుకుని మురిసిపోతూ బిల్లు ఎక్కువ కట్టిన తెలివైనవాణ్ణి నేను. కొత్త మీటరు బిగించి, ఆఫీసువాళ్లు తనిఖీ చేసి సంతకం పెట్టేదాకా ఇన్వర్టర్ ఆన్ చేయనివ్వకండి. మీ విషయంలో మీటరు మార్చిన తేదీ, సోలార్ ఆన్ చేసిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండి, ఏం జరిగిందో అర్థమవుతుంది. సోలార్ ముందు ఆన్ అయి ఉంటే, యాప్‌లో ఆ రోజుల ఉత్పత్తి లెక్క స్క్రీన్‌షాట్ తీసి జతచేసి ఫిర్యాదు రాసివ్వండి.

ఇంకో మాట, అడగలేదు గానీ చెప్పేస్తాను. బ్యాటరీ లేని సోలార్ ఉన్న ఇంట్లో ఊరి కరెంటు పోతే మీ కరెంటూ పోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ డాబా మీది నుంచి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోయేలా చేస్తారు. చుట్టుపక్కలవాళ్లు ‘లక్షలు పోసి ఇదేంటండీ’ అని నవ్వుతారు, మాకూ నవ్వారు.

ప్రశ్న: వాషింగ్ మెషిన్, మోటారు పగలే వేసుకోవాలా? – హైదరాబాద్

నెట్ మీటరింగ్‌లో యూనిట్‌కు యూనిట్ కొట్టేసినంత కాలం పగలైనా రాత్రయినా మీ జేబుకు ఒకటే. అయితే స్మార్ట్ మీటర్లు వచ్చాక ఈ మాట మారొచ్చు. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో, ఎండ ఉన్న ఎనిమిది గంటలు మామూలు రేటు కన్నా 10 నుంచి 20 శాతం తక్కువ, సాయంత్రం రద్దీ గంటల్లో 10 నుంచి 20 శాతం ఎక్కువ అన్న ఏర్పాటు ఉంది. పరిశ్రమలు, పెద్ద వ్యాపారాలకు ముందు, ఇళ్లకు స్మార్ట్ మీటరు పెట్టాకే. అలా జరిగిననాడు రాత్రి ఏడింటికి గీజరు వేసే అలవాటుకు ధర కట్టాల్సి వస్తుంది. మీటరు గంట గంటకూ లెక్క రాయగలిగితేనే ఇలాంటి రేటు పెట్టగలరు, పాత మీటరుతో అయ్యే పని కాదు. జనం స్మార్ట్ మీటరంటే టెన్షన్ పడటానికి కారణమూ అదే, రేపు ఏ గంటకు ఎంత రేటో మన చేతిలో ఉండదు కదా.

ప్రశ్న: కెన్యాలో కూలి పనిచేసుకునేవాళ్లు కూడా ఫోన్‌తో రోజూ కొంచెం కొంచెం కట్టి సోలార్ కొనుక్కుంటారని మా ప్రొఫెసర్ చెప్పారు. మన దగ్గర అదెందుకు లేదు? – ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం

మంచి ప్రశ్న తమ్ముడూ. దీనికి జవాబు కొంచెం పొడుగు.

కెన్యాలో 2007లో సఫారీకామ్ అనే ఫోన్ కంపెనీ ఎం-పేసా మొదలుపెట్టింది. పేసా అంటే స్వాహిలీలో డబ్బు, మన పైసాకు చుట్టమే. బ్యాంకు ఖాతా లేనివాళ్లు కూడా మామూలు బటన్ ఫోన్‌లో, మెసేజ్ పంపినట్టు డబ్బు పంపుకోవడం అలవాటైంది. దాని మీద 2012లో ఎం-కోపా అనే కంపెనీ సోలార్ అమ్మడం మొదలుపెట్టింది. కోపా అంటే అప్పు తీసుకోవడం. చిన్న ప్యానెల్, రెండు మూడు బల్బులు, ఫోన్ చార్జర్, రేడియో ఉన్న పెట్టె ఇచ్చేవాళ్లు. ముందు కొంత సొమ్ము కట్టాలి, ఆ తర్వాత ఏడాది పాటు రోజుకు 50 షిల్లింగులు ఫోన్‌లో కట్టాలి. పెట్టె లోపల సిమ్ కార్డు ఉంటుంది, డబ్బు కట్టిన రోజు వెలుగుతుంది, కట్టని రోజు కంపెనీ ఎక్కడో కూర్చుని ఆపేస్తుంది. ఏడాది పూర్తయితే పెట్టె వాళ్లదే.

ఇందులో కిటుకు ప్యానెల్ కాదు. దీపానికి కిరోసిన్ కోసం ఆ ఇల్లు ఎలాగూ రోజూ ఖర్చుపెడుతున్న డబ్బును అదే రోజువారీ లెక్కలో సోలార్ వైపు మళ్లించడం. మన దగ్గర ఇదే సంగతి కర్ణాటకలో 1995 నుంచి సెల్కో అనే సంస్థ చేసి చూపించింది. దాన్ని పెట్టినవాళ్లలో ఒకరైన హరీశ్ హందేకు 2011లో మెగసెసే అవార్డు వచ్చింది. నెలకు 300 అంటే కష్టం, రోజుకు 10 అయితే కట్టగలను అని ఒక వీధి వ్యాపారి చెప్పిన మాటే తనకు పాఠమైందని ఆయన చాలాచోట్ల చెప్పారు. రెండూ ఒకే మొత్తం కదా అనేది మన లెక్క, సాయంత్రానికి గల్లాపెట్టెలో ఎంతుందో దాన్నిబట్టి బతికేవాళ్లది వేరే లెక్క. మన బజార్లలో రోజువారీ ఫైనాన్స్ వాళ్లు సాయంత్రం పూట బండి బండికీ తిరగడం నువ్వు చూసే ఉంటావు, వాళ్లకు ఈ విషయం ఎప్పుడో తెలుసు, కాకపోతే వాళ్ల వడ్డీ వేరు. సెల్కో ఫోన్‌తో పని లేకుండా గ్రామీణ బ్యాంకులను ఒప్పించి, వ్యాపారి రాబడికి తగ్గట్టు కిస్తీ పెట్టించింది.

మన తెలుగు ఊళ్లలో ఎందుకు లేదంటే, అక్కడ కరెంటు తీగ చేరని ఇళ్లకు అది దారి చూపింది, ఇక్కడ తీగ ఎప్పుడో చేరింది, పైగా పేదలకు కరెంటు చవక లేదా ఉచితం. రెండు బల్బుల పెట్టెకు ఇక్కడ ఎవరూ కిస్తీ కట్టరు. కానీ ఆ పద్ధతి పనికొచ్చే చోట్లు మనకూ ఉన్నాయి: రాత్రిపూట తోపుడు బండ్లు, ఇస్త్రీ బండి, చేపలమ్మే ఆమె ఐస్ పెట్టె, పగటి పూట కరెంటు పోయే ఊళ్లో కుట్టుమిషను. యూపీఐ ఉండగా రోజుకు 20 రూపాయలు వసూలు చేయడం ఇప్పుడు కష్టం కాదు. 20 రూపాయల లెక్క మీద అప్పిచ్చే ఓపిక ఉన్న బ్యాంకు దొరకడమే కష్టం.

ఈ కథకు రెండో వైపు కూడా మీ ప్రొఫెసర్‌ను అడుగు. రోజూ ఎవరు టైముకు కడుతున్నారో కంపెనీ దగ్గర లెక్క పోగవుతుంది, అదే వాళ్ల పరపతి చిట్టా. ఎం-కోపా ఆ చిట్టా చూసి తర్వాత వేరే వస్తువులు అప్పుకివ్వడం మొదలుపెట్టింది, ఇప్పుడు స్మార్ట్‌ఫోన్లు కిస్తీల మీద ఇచ్చే పెద్ద కంపెనీ అయింది. సోలార్ దీపంతో మొదలైన వ్యాపారం చివరికి అప్పుల వ్యాపారంగా తేలింది. బ్యాంకు గుమ్మం తొక్కనివాళ్లకు అప్పు పుట్టడం మంచిదే. జ్వరం వచ్చి రెండు రోజులు పని లేకపోతే ఇంట్లో దీపం ఆరిపోవడం మాత్రం నాకు మింగుడుపడదు. బ్యాంకు కనీసం నోటీసు ఇస్తుంది, సిమ్ కార్డుకు ఆ మర్యాద తెలియదు.

ప్రశ్న: ‘సోలార్ ప్లాంటులో 5,000 పెట్టండి, రోజుకు 150 మీ ఫోన్‌లో పడుతుంది’ అని గ్రూపులో వచ్చింది. మా తోడికోడలికి నాలుగు రోజులు పడ్డాయి కూడా. – నెల్లూరు

పెట్టకండి. ఎందుకో మీరే లెక్క వేయండి. ఒక కిలోవాట్ సోలార్‌కు సుమారు 60,000 అవుతుంది. రోజుకు 4 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలకు అమ్ముడుపోయిందనుకున్నా (ప్లాంటులకు అందులో సగం కూడా రాదు) రోజుకు 36 రూపాయలు. అంటే 5,000 రూపాయల ముక్కకు రోజుకు 3 రూపాయలు. 150 ఎక్కడి నుంచి వస్తుంది? మీ తర్వాత చేరినవాళ్ల 5,000 నుంచి. తోడికోడలిగారికి పడిన నాలుగు రోజుల డబ్బు ఎర, ఇంకా పెద్ద మొత్తం పెట్టించడానికి. ఇప్పటికే పెట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమనండి, ఆలస్యం అయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

సోలార్‌లో నిజంగా డబ్బు పెట్టాలనుకుంటే నిదానమైన దారులున్నాయి. కేంద్రం 2023 జనవరి, ఫిబ్రవరిల్లో రెండు విడతలుగా 16,000 కోట్ల గ్రీన్ బాండ్లు (సోలార్ లాంటి పనుల కోసం వడ్డీకి అప్పు తీసుకుంటూ ఇచ్చే పత్రాలు) అమ్మింది, పదేళ్ల బాండుకు వడ్డీ 7.29 శాతం. అదే ఫిబ్రవరిలో ఇండోర్ నగరపాలక సంస్థ ఖర్గోన్ జిల్లాలో 60 మెగావాట్ల సోలార్ ప్లాంటు కోసం జనం దగ్గర బాండ్ల మీద 244 కోట్లు తీసుకుంది. నర్మద నీళ్లు ఊరికి ఎక్కించడానికి అయ్యే కరెంటు ఖర్చు భరించలేక వేసిన ఎత్తు అది. నాకు చాలా నచ్చిన పని. నీళ్లు తోడే ఖర్చు మన ఊళ్లకూ తక్కువేం కాదు, ఇక్కడి కార్పొరేషన్లూ దీని గురించి ఆలోచిస్తే బాగుండు. చూశారుగా, నిజమైన సోలార్ డబ్బు ఏడాదికి ఏడెనిమిది శాతం దగ్గర ఉంటుంది, రోజుకు మూడు శాతం దగ్గర కాదు.

ప్రశ్న: అపార్ట్‌మెంటులో ఉంటాం, టెర్రస్ అందరిదీ. మాకేమైనా ఉందా? – కాకినాడ

లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్లు ఉన్న కామన్ మీటరుకు పెట్టించండి. అసోసియేషన్లకు పీఎం సూర్యఘర్ పథకంలోనే కిలోవాట్‌కు 18,000 చొప్పున సబ్సిడీ ఉంది. మెయింటెనెన్స్ తగ్గుతుంది. సాంకేతికంగా కష్టమేమీ లేదు, మీటింగులో అందరి చేతా ఊ అనిపించడమే అసలు పని, పై అంతస్తువాళ్లు ‘మా స్లాబు కారుతుంది’ అంటారు. స్టాండు కాళ్లు స్లాబులోకి డ్రిల్ చేయకుండా కాంక్రీట్ దిమ్మెల మీద నిలబెట్టే పద్ధతి ఉందని చెప్పండి.

ప్రశ్న: కరెంటు మీటరు చనిపోయిన మా మామగారి పేరు మీదే ఉంది. లోను నా పేరు మీద తీసుకుంటే సబ్సిడీ నాకు పడుతుందా? – టైలర్, తెనాలి

పడదమ్మా, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటున్నారు. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో (పథకం వెబ్‌సైట్‌లో) నమోదు సర్వీస్ నంబరుతో జరుగుతుంది, ఆ సర్వీస్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల బ్యాంకు ఖాతాకే సబ్సిడీ వెళ్లాలి. పేరులో ఇంటిపేరు ముందూ వెనకా అయినా ఆగిపోయిన సందర్భాలున్నాయి. వెండర్ తొందరపెడతాడు, ‘అవన్నీ తర్వాత చూసుకుందాం’ అంటాడు, వినకండి. ముందు మీటరు పేరు మార్పించుకోండి. మామగారి మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, మీ మరుదులూ ఆడపడుచులూ అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం సిద్ధం చేసుకుని దరఖాస్తు పెట్టండి. కాగితం మీద సంతకాలు పండక్కి అందరూ ఇంటికొచ్చినప్పుడు తీసుకోవడం తేలిక, విడివిడిగా తిరిగితే ఒక్కొక్కరికీ ఒక్కో అనుమానం వస్తుంది. కొత్త పేరుతో ఒక నెల బిల్లు చేతికొచ్చాక, అందులో ఉన్న అక్షరాలూ మీ ఆధార్, పాసుబుక్కుల్లో ఉన్నవీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు పోర్టల్ తెరవండి. ఓటీపీ మాత్రం మీ ఫోన్‌కే రావాలి, వెండర్ ఫోన్ నంబరు ఇవ్వకండి.